నాన్న పేజీలో పదేళ్ళ కామెంట్లు డేటాబేస్‌లోకి ఎక్కించడం ఎలా?

పాతబస్తా
మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. 2014 నుంచి ఫేస్‌బుక్‌లో ఒక పేజీ నడుపుతున్నారు. రోజూ తెల్లవారుజామున ఒక వస్తువు పేరు పెట్టి "దీన్ని మీ ఊళ్ళో ఏమంటారు?" అని అడుగుతారు. జనం కామెంట్లలో చెప్తారు. పోస్టులు నాలుగు వేలకి కాస్త అటూఇటూ. కామెంట్లు అరవై వేల దాకా ఉంటాయని నా అంచనా. అసలు సరుకంతా కామెంట్లలోనే ఉంది. సొరకాయ అని పెడితే చాలు, ఆనపకాయ, ఆనక్కాయ అంటూ దిగిపోతారు.

ఇప్పుడాయనకి పాతవి వెతుక్కోవడం కష్టమవుతోంది. "చీపురు గురించి ఎప్పుడో పెట్టాను, ఒకాయన పొరక అని రాశాడు, ఏ ఊరాయనో చూసి పెట్టు" అంటారు. నేను ఫోన్ పట్టుకుని గంటసేపు కిందకి జరుపుకుంటూ పోతాను. బొటనవేలు అరిగిపోతోంది.

అందుకని మొత్తం దించి ఒక డేటాబేస్‌లో పెడదామని మొదలుపెట్టాను. నాది అకౌంట్స్ ఉద్యోగం. ఎక్సెల్ బాగా వచ్చు, పైథాన్ యూట్యూబ్ చూసి నేర్చుకున్నంత. పేజీ సమాచారం జేసన్ (సమాచారాన్ని పేరు, విలువ జతలుగా రాసే ఫైలు పద్ధతి) రూపంలో దించాను. తెరిచి చూస్తే తెలుగు ఒక్క ముక్క లేదు. పైథాన్‌తో చదివి ప్రింట్ చేస్తే నెత్తిన గీత ఉన్న చిన్న ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ ఏ, మళ్ళీ డిగ్రీ గుర్తు. మధ్యమధ్యలో సున్నాలో ఆర్. పదేళ్ళ రాత ఇలా అయిపోయిందేంటి? ఫైలు పాడైందా?

ఒంటికన్ను_కర్సర్
పాడవలేదు, కంగారు పడకండి. ఆ జేసన్‌లో తెలుగు అలాగే వస్తుంది. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. ఆ ఫైల్లో ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా రాసి ఉంటుంది. 'అమ్మ' తీసుకోండి. అ, మ, పొల్లు, మ. నాలుగు కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ ఇచ్చిన సంఖ్య), పన్నెండు బైట్లు. అంటే మీకు పన్నెండు పిచ్చి అక్షరాలు. కొన్ని కంటికి కనబడవు కూడా.

మీరు చూసిన డిగ్రీ గుర్తు రెండో బైటు. గుణింతాలు చాలావాటి దగ్గరా, పొల్లు దగ్గరా డిగ్రీ బదులు ప్లస్-మైనస్ గుర్తు ఉంటుంది, చూడండి. సున్నాలో ఆర్ కనబడిన చోట 'మ' ఉన్నట్టు లెక్క.

మందు ఒక్క లైను: ప్రతి స్ట్రింగునీ (అక్షరాల వరసని) లాటిన్-1గా (ఒక్కో అక్షరానికి ఒక్కో బైటు ఇచ్చే పాత పద్ధతి) ఎన్‌కోడ్ చేసి, వచ్చిన బైట్లని యూటీఎఫ్-8గా డీకోడ్ చెయ్యండి. అంతే.

సీమ_మిరప
'మ' వచ్చిన ప్రతిచోటా రిజిస్టర్డ్ గుర్తా? మాస్టారు మకారం మీద ట్రేడ్‌మార్కు తీసుకున్నట్టున్నారు

నల్లబల్ల
కర్సర్ చెప్పింది కరెక్టే గానీ ఒక జాగ్రత్త. ముందు జేసన్‌ని పైథాన్‌తో విడదీసి చదివించి (పార్స్ చేసి), ఆ తర్వాత లోపలున్న ఒక్కొక్క స్ట్రింగు మీద ఆ లైను నడపాలి. నేను తెలివిగా ఫైలు మొత్తాన్ని ఒకే స్ట్రింగుగా చదివి దాని మీద నడిపాను. అందులో స్లాష్-యు అంటూ రాసి ఉన్నవి అప్పటికింకా అక్షరాలే కాలేదుగా, ఏమీ మారలేదు. సరే అని నోట్‌ప్యాడ్‌లో ఫైండ్ రీప్లేస్ మొదలెట్టా. అచ్చులయ్యేసరికి రాత్రి రెండు.

పాతబస్తా
వచ్చింది!! మొదటి పోస్టు కనబడింది, 2014 జూన్, "కవ్వాన్ని మీ వైపు ఏమంటారు?" అని. నాన్నగారికి చూపిస్తే, అప్పుడు టైపింగ్ రాక "కవాన్ని" అని పెట్టి తర్వాత దిద్దానని చెప్పారు.

కానీ పెద్ద చిక్కు. పోస్టులున్నాయి, ఫోటోలున్నాయి, కామెంట్లు లేవు. జనం రాసినవి ఒక్కటీ లేదు. నాకు కావలసింది అవే.

ఒంటికన్ను_కర్సర్
ఉండవు. ఆ డౌన్‌లోడ్ మన సమాచారం. మనం పెట్టినవి ఇస్తారు, ఇంకొకరు రాసింది వాళ్ళ సమాచారం. కామెంట్లు కావాలంటే వేరే దారిలో పోవాలి.

లాగిన్_మర్చిపోయా
క్రౌడ్‌టాంగిల్ అని ఒకటుంటుంది, పేజీల లెక్కలన్నీ అందులో దొరుకుతాయి. మా పత్రికలో వాడేవాళ్ళం.

అర్ధరాత్రి_క్రాన్
లాగిన్ గారూ, మీరు లాగిన్ అయి చాలా రోజులైనట్టుంది. అది 2024 ఆగస్టు 14న మూతపడింది. దాని బదులు ఉన్న మెటా (ఫేస్‌బుక్ సంస్థ) కంటెంట్ లైబ్రరీ పరిశోధకుల కోసం, దరఖాస్తు పెట్టుకోవాలి. ఉన్నా దీనికి పనికిరాదు, సొంత పేజీ కామెంట్లకి అంత దూరం పోనక్కర్లేదు.

పాతబస్తా, మీక్కావలసింది గ్రాఫ్ ఏపీఐ, అంటే ఫేస్‌బుక్ సమాచారాన్ని ప్రోగ్రాముతో అడిగి తీసుకునే దారి. సొంత పేజీ, సొంతంగా తయారుచేసుకున్న చిన్న యాప్, అందులో మీరే అడ్మిన్. ఇంతవరకైతే పెద్ద గొడవ లేదు. ఇతరుల పేజీలు చదవాలంటేనే యాప్ రివ్యూ (ఫేస్‌బుక్ వాళ్ళ తనిఖీ), పత్రాలు, ఎదురుచూపులు. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా గోల (ఫేస్‌బుక్ వాడేవాళ్ళ సమాచారం అనుమతి లేకుండా బయటికి పోయిన గొడవ) తర్వాత ఆ తలుపులు బాగా బిగించారు.

పని ఇలా ఉంటుంది. పేజీ పోస్టులు అడుగుతారు, ఒకసారికి ఎక్కువలో ఎక్కువ వంద ఇస్తుంది. చివర్లో 'తర్వాతి పేజీ' అని ఒక లింకు ఉంటుంది, అది పట్టుకుని మళ్ళీ అడగాలి. లింకు రాకపోతే అయిపోయినట్టు. వంద కంటే తక్కువ వచ్చాయి కదా అని ఆగిపోకండి, మధ్యలో కూడా తక్కువ రావచ్చు. ఒక్కో పోస్టుకీ కామెంట్లు విడిగా అడగాలి. అక్కడ ఫిల్టర్ అని ఒకటుంది, దానికి 'స్ట్రీమ్' అని ఇవ్వండి. ఇవ్వకపోతే పై వరస కామెంట్లే వస్తాయి, వాటి కింద జవాబులు రావు. అసలు రుచి ఆ జవాబుల్లోనే ఉంటుంది కదా, "మా అత్తగారింట అలా అనరు" లాంటివి.

ఇంకోటి. ఈ దారిలో ఏడాదికి సుమారు ఆరు వందల పోస్టులే ఇస్తుంది. రోజుకొకటి పెట్టే మాస్టారికి ఇబ్బంది లేదు. రోజుకి ఇరవై పెట్టే వార్తల పేజీ వాళ్ళయితే ఏడుపే.

పొద్దుటి_టీ
ఇంత తతంగం ఎందుకండీ. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, పేజీని అదే కిందకి జరుపుకుంటూ పోయి మొత్తం లాగేస్తుంది. మావాడొకడు అరగంటలో దించాడు.

అర్ధరాత్రి_క్రాన్
టీ గారూ, వద్దు. మొదటిది, అనుమతి లేకుండా యంత్రంతో లాగడం వాళ్ళ నిబంధనలకి విరుద్ధం. అకౌంటు లాక్ అయితే పోయేది మాస్టారి అకౌంటు, మీవాడిది కాదు. రెండోది, పొడుగు కామెంట్లు 'ఇంకా చూడండి' దగ్గర తెగిపోయి వస్తాయి. అరగంటలో దించింది సగం సగం వాక్యాలు అయి ఉంటుంది, మీవాణ్ణి అడిగి చూడండి.

అసలు ఈ పేజీకి అడ్మిన్ ఎవరు? నాన్నగారొక్కరేనా?

పాతబస్తా
అవునండీ, ఆయనొక్కరే.

అర్ధరాత్రి_క్రాన్
అయితే డేటాబేస్ పక్కన పెట్టి ముందు ఇవాళ మీరు రెండో అడ్మిన్‌గా చేరండి. సిమ్ పోయినా, ఫోన్ పోయినా పేజీ చేజారకూడదు. ఇది చేసేదాకా నేను ఇంకేం చెప్పను.

పొద్దుటి_టీ
అడిగాను. సగం సగమే అట 🙂

పాతబస్తా
అడ్మిన్ అయ్యాను. యాప్ కూడా చేశాను. టోకెన్ (ఏపీఐ లోపలికి రానిచ్చే తాళంచెవి లాంటిది) తీసుకుని నడిపితే మొదటి రెండొందల పోస్టులు వచ్చాయి, భోజనం చేసి వచ్చేసరికి టోకెన్ గడువు అయిపోయిందంటోంది. గంటకోసారి ఇలా తీసుకుంటూ ఉండాలా?

అర్ధరాత్రి_క్రాన్
అక్కర్లేదు. చేతికి వచ్చేది గంటో రెండు గంటలో ఉండే టోకెన్. దాన్ని మార్చి అరవై రోజులది తీసుకోండి. ఆ అరవై రోజులదానితో పేజీ టోకెన్ అడగండి, దానికి గడువు తేదీ ఉండదు. ఆ టోకెన్‌ని కోడ్‌లో రాసి ఇక్కడ అతికించకండి. నవ్వకండి, అలా అతికించినవాళ్ళని చూశాను.

పాతబస్తా
సరే, అది అయింది. ఇప్పుడు ఎక్సెల్‌లో పెడుతున్నాను. వరసకి ఒక పోస్టు. తేదీ, పోస్టు, తర్వాత కామెంటు1, కామెంటు2, కామెంటు3... అని కాలమ్స్. ఒక పోస్టుకి 183 కామెంట్లున్నాయి, కాలమ్స్ జీ-డీ దాకా పోయాయి. అక్కడికీ ఇబ్బంది లేదు గానీ, ఐడీల దగ్గర ఏదో తేడాగా ఉంది. ఐడీలో మధ్య గీత దగ్గర విడగొట్టి రెండో ముక్క ఒక కాలమ్‌లో పెట్టాను. చాలా వాటికి చివర రెండు అంకెలూ సున్నాలే. ఇలాగే ఉంటాయా?

సీమ_మిరప
గోవిందా

గుడివాడ_డిబిఎ
బాబూ, ఆ షీటు మూసెయ్. సేవ్ చేస్తావా అని అడిగితే వద్దను.

సున్నాల సంగతి: ఎక్సెల్ అంకెలో పదిహేను స్థానాలే నిలబెడుతుంది. నీ ఐడీలు పదిహేడు అంకెలు ఉండి ఉంటాయి, చివరి రెండూ సున్నా చేసేసింది. ఇప్పుడు రెండు వేరువేరు పోస్టులకి ఒకే ఐడీ వచ్చి ఉంటుంది. వెనక్కి తేలేవు, మళ్ళీ దించుకోవాల్సిందే. ఐడీ చూడ్డానికి అంకెలా ఉంటుంది గానీ దాన్ని కూడం, తీసెయ్యం, కాబట్టి అక్షరాలుగానే దాచు. మధ్య గీతతో సహా. విడగొట్టకు.

ఇక టేబుళ్ళు. 'కామెంటు1, కామెంటు2' అని కాలమ్స్ పెట్టుకుంటూ పోతే పొరక ఎక్కడుందో వెతకడానికి 183 కాలమ్స్ చూడాలి. కామెంటుకి ఒక వరస. ఆ వరసలో అది ఏ పోస్టు కిందదో ఆ పోస్టు ఐడీ. జవాబు అయితే ఏ కామెంటుకి జవాబో ఆ కామెంటు ఐడీ, లేకపోతే ఖాళీ. ఇక్కడిదాకా ఎవరైనా చెప్తారు.

నీ పేజీకి మాత్రమే వర్తించేది ఇంకోటి చెప్తాను. ఒక కామెంటు ఇలా ఉందనుకో: "మేం సొరకాయ అంటాం, మా ఆయన వాళ్ళు ఆనపకాయ అంటారు, వాళ్ళది కాకినాడ." ఒక్క కామెంటు. ఇందులో మాటలు రెండు, ఊళ్ళు రెండు, అందులో ఒకటి చెప్పనే లేదు. కామెంట్ల టేబుల్లో 'మాట' అనీ 'ఊరు' అనీ కాలమ్స్ పెడితే ఇది ఎక్కడ పెడతావ్? కామాలు పెట్టి ఇరికిస్తావా? అందుకని మాటల టేబుల్ వేరు. ఊళ్ళ టేబుల్ వేరు. ఈ మూడింటినీ కలిపే సన్నటి టేబుల్ ఇంకొకటి: ఫలానా కామెంటులో, ఫలానా మాట, ఫలానా ఊరిది. పై కామెంటుకి ఆ టేబుల్లో రెండు వరసలు పడతాయి, ఒకదాంట్లో ఊరు ఖాళీ. ఇలా టేబుళ్ళని కలిపే రిలేషనల్ పద్ధతి మీద 1970లో కాడ్ రాసిన వ్యాసం సారం నీకు సొరకాయలో దొరికింది, ఇంక చదవక్కర్లేదు.

ఒంటికన్ను_కర్సర్
సొరకాయ కోతలు అనుకున్నా, నిజంగానే సొరకాయ 😀

నల్లబల్ల
ఐడీల గురించి నా వంతు. కామెంట్లకి నెంబరు మాత్రమే విడదీసి మైఎస్‌క్యూఎల్‌లో మామూలు ఇంట్ (పూర్ణాంకాల) కాలమ్‌లో పెట్టాను. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువ వస్తే ఎర్రర్ ఇచ్చే సెట్టింగు) ఎవరో ఆపేసి ఉంచారు (నేనే). ఒక్క ఎర్రర్ రాలేదు. తర్వాత చూస్తే ప్రతి వరసలోనూ 2147483647, ఇంట్‌లో పట్టే అతి పెద్ద అంకె. ఆ అంకె నాకు నా ఫోన్ నెంబరు కంటే బాగా గుర్తు.

తూర్పుగాలి
అసలు ఈ రిలేషనల్ అంతా ఎందుకో అర్థం కాలేదు. వచ్చింది జేసన్. జేసన్‌ని జేసన్‌గా దాచే డేటాబేస్‌లు ఉన్నాయి, అలాగే పడేస్తే పోలా. రేపు ఏపీఐ కొత్త ఫీల్డు కలిపితే మీ టేబుళ్ళు మళ్ళీ మార్చుకోవాలి.

గుడివాడ_డిబిఎ
పడెయ్యడానికి బానే ఉంటుంది. "పొరక అనే మాట ఏయే ఊళ్ళ నుంచి వచ్చింది, ఆ ఊళ్ళవాళ్ళే ఇంకేం మాటలు చెప్పారు" అని మాస్టారు అడిగిన రోజు ఏం చేస్తావ్? అది జాయిన్ ప్రశ్న, టేబుళ్ళని కలిపి అడిగేది.

తూర్పుగాలి
ఆ ప్రశ్న ఆయన అడగలేదుగా ఇంకా.

గుడివాడ_డిబిఎ
తెలుగు మాస్టారు. అడుగుతారు.

అర్ధరాత్రి_క్రాన్
ఇద్దరిదీ కొంత కొంత నిజం. వచ్చిన జేసన్‌ని ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో దాచండి, రోజు తేదీతో. దాంట్లోంచి టేబుళ్ళు నింపండి. టేబుళ్ళు తప్పుగా గీసుకున్నామని తెలిస్తే పడగొట్టి మళ్ళీ నింపుకోవచ్చు, ఫేస్‌బుక్ గుమ్మం మళ్ళీ ఎక్కక్కర్లేదు. నేను మూడుసార్లు పడగొట్టాను.

తూర్పుగాలి చెప్పిన 'కొత్త ఫీల్డు' మాటకి ఒక ఉదాహరణ. రియాక్షన్లకి లైక్, లవ్, హహా, వావ్, శాడ్, యాంగ్రీ అని 2016కల్లా ఉన్న ఆరింటికీ ఆరు కాలమ్స్ పెట్టినవాళ్ళుంటారు. 2020లో కరోనా టైములో కేర్ వచ్చింది, గుండెని కౌగిలించుకున్న బొమ్మ. ఏడో కాలమ్. అదే 'పోస్టు, రియాక్షన్ పేరు, ఎన్ని' అని వరసలుగా పెట్టుకుని ఉంటే టేబుల్ కదిలించకుండా ఇంకో వరస పడేది. కాబట్టి రిలేషనల్ తప్పు కాదు, కాలమ్స్ మీద మోజు తప్పు.

పాతబస్తా
షీటు మూసేశాను. వద్దు అనే నొక్కాను.
మళ్ళీ దించుతున్నాను. ఏ డేటాబేస్ పెట్టుకోమంటారు? మైఎస్‌క్యూఎల్ పేరు విన్నాను.

సీమ_మిరప
ఇప్పుడు చూడు తమాషా

ఒంటికన్ను_కర్సర్
పోస్ట్‌గ్రెస్. జేసన్ ముడి రూపంలో ఒక కాలమ్‌లో, టేబుళ్ళు పక్కన, రెండూ ఒకే ఇంట్లో.

నల్లబల్ల
మైఎస్‌క్యూఎల్. నేర్చుకోవడానికి తెలుగులో వీడియోలు కూడా దొరుకుతాయి.

అర్ధరాత్రి_క్రాన్
ఎస్‌క్యూలైట్. ఒకటే ఫైలు. సర్వర్ లేదు, పాస్‌వర్డ్ లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసి నాన్నగారి లాప్‌టాప్‌లో పెట్టొచ్చు. అరవై వేల వరసలంటే దానికి చిరుతిండి.

గుడివాడ_డిబిఎ
ముప్ఫై ఏళ్ళు పెద్ద డేటాబేస్‌లు కాసినవాణ్ణి, నేనూ ఎస్‌క్యూలైటే అంటాను. ఒక ఇంట్లో ఒక మనిషి వాడేదానికి సర్వర్ ఎందుకు. విదేశీ కీలు (ఫారిన్ కీలు, ఒక టేబుల్లో రాసిన ఐడీ రెండో టేబుల్లో నిజంగా ఉందో లేదో చూసే కాపలా) మాత్రం ఆన్ చేసుకో, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ. దానంతటది ఆన్‌లో ఉండదు. ఉందనుకుని ధీమాగా ఉంటే, పోస్టు లేని కామెంట్లు అనాథల్లా తేలతాయి.

నల్లబల్ల
మైఎస్‌క్యూఎల్ ఎంచుకునేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే: 'యూటీఎఫ్8' అని ఉన్నదాన్ని నమ్మకండి. అది మూడు బైట్ల దాకానే. తెలుగు మూడు బైట్లే కాబట్టి అంతా బాగున్నట్టే కనబడుతుంది. ఇమోజీకి నాలుగు కావాలి. మన జనం ప్రతి కామెంటు మొదట్లో రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతారు కదా. స్ట్రిక్ట్ మోడ్ లేని నా సర్వర్‌లో సరిగ్గా ఆ బొమ్మ దగ్గర కామెంటు తెగింది. "మాస్టారూ" వరకు ఉంది, దండం దగ్గర ఆగిపోయింది, చెప్పిన మాట లేదు. యూటీఎఫ్8ఎంబీ4 అని పెట్టాలి. 8.0 వెర్షన్ నుంచి దానంతటదే అది ఉంటుంది.

సీమ_మిరప
దండం పెట్టినవాళ్ళ మాటే పోయిందన్నమాట. మర్యాదకి రోజులు లేవు

పాతబస్తా
ఎస్‌క్యూలైట్‌లోకి ఎక్కాయి. రెండు సందేహాలు.
ఒకటి, నాన్నగారు రోజూ నాలుగున్నర, అయిదు మధ్య పోస్టు పెడతారు. డేటాబేస్‌లో అన్నీ ముందురోజు తేదీతో ఉన్నాయి. ఉగాది పచ్చడి పోస్టు ఉగాది ముందురోజు పడింది. రెండు, ఆ 183 కామెంట్ల పోస్టుకి 171 వరసలే వచ్చాయి.

అర్ధరాత్రి_క్రాన్
తేదీలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) వస్తాయి. మనం అయిదున్నర గంటలు ముందు. తెల్లవారుజాము నాలుగూ నలభైకి పెట్టింది అక్కడ ముందురోజు రాత్రి పదకొండూ పది. దాచడం యూటీసీలోనే దాచండి, చూపించేటప్పుడు కలపండి. దాచిన తేదీకే కలిపేస్తే, ఆర్నెల్ల తర్వాత మర్చిపోయి ఇంకోసారి కలుపుతారు. నా పాత పేజీలో జనం అయిదున్నర గంటల తర్వాతి భవిష్యత్తులోంచి కామెంట్లు పెడుతుంటారు.

మొదట దించుకున్న ఫైల్లో తేదీలు 1970 నుంచి సెకన్ల లెక్కలో ఉంటాయి, ఏపీఐలో మామూలు తేదీగా ఉంటాయి. రెండూ కలిపేటప్పుడు ఒకే రూపంలోకి తెండి. అలాగే కర్సర్ గారి లాటిన్-1 లైను ఆ ఫైలుకే. ఏపీఐలో తెలుగు సరిగ్గానే వస్తుంది, దాని మీద కూడా నడిపితే ఎర్రర్ కొడుతుంది.

183కి 171: ఆ మొత్తం సంఖ్యలో తుడిచేసినవి, వాళ్ళు వాళ్ళు దాచుకున్నవి కూడా కలిసి ఉండొచ్చు. తేడా రావడం మామూలే. వందల్లో తేడా వస్తే మాత్రం 'తర్వాతి పేజీ' లింకు పట్టుకోలేదని అర్థం.

పాతబస్తా
నాన్నగారికి ఆ పన్నెండు మంది ఎవరో తెలుసుకోవాలని ఉంది.

తూర్పుగాలి
ఇదిగో, నాకు ఇబ్బంది ఇక్కడే. కామెంట్లతో పాటు పేర్లు కూడా దాస్తున్నారా? 2015లో ఎవరో ఆవిడ "మా అత్తగారింట దీన్ని ఇలా అంటారు, నాకు నవ్వొచ్చేది" అని సరదాకి రాసింది. అది ఫేస్‌బుక్‌లో ఆవిడ చేతిలో ఉంది, కావాలంటే తుడుచుకుంటుంది. మీ ఫైల్లో ఉంటే ఎలా తుడుచుకుంటుంది?

ఒంటికన్ను_కర్సర్
2023 డేటా రక్షణ చట్టంలో, మనిషి తానే బహిరంగంగా పెట్టిన సమాచారానికి మినహాయింపు ఉంది. ఇంట్లో సొంత అవసరానికి వాడుకునేదానికి కూడా. మాస్టారు లాప్‌టాప్‌లో చూసుకుంటే తప్పేం లేదు.

తూర్పుగాలి
చట్టం ఒప్పుకుంటుందేమో. నేను అడిగేది ఆవిడ ఒప్పుకుంటుందా అని. పైగా ఏపీఐతో తీసుకున్నదానికి ఫేస్‌బుక్ షరతులు వేరే ఉన్నాయి, వాటికి కూడా సంతకం పెట్టే కదా యాప్ చేశారు.

గుడివాడ_డిబిఎ
తూర్పుగాలితో ఈసారి ఏకీభవిస్తున్నాను, తేదీ రాసుకోండి.
పాతబస్తా, నీక్కావలసింది మాట, ఊరు. మనిషి పేరు కాదు. పేరు కాలమ్ తీసెయ్. ఒకే మనిషి ఇరవైసార్లు చెప్తే ఇరవై మంది అనుకోకుండా ఉండటానికి ఒక గుర్తు సంఖ్య చాలు, సొంతంగా వేసుకో: 1, 2, 3. పేర్లున్న ముడి జేసన్‌కి తాళం వెయ్. నెలకోసారి మళ్ళీ దించినప్పుడు, పేజీలో లేని కామెంట్లని నీ దగ్గర కూడా తీసెయ్.

పాతబస్తా
నాన్నగారితో మాట్లాడాను. మొదట ఒప్పుకోలేదు. "మాట ఇచ్చినవాళ్ళ పేరు లేకుండా ఎలా రాస్తాంరా, అది ఋణం" అన్నారు. తర్వాత ఆయనే, "పుస్తకం వేస్తే అప్పుడు ఒక్కొక్కరినీ అడిగి వేద్దాం" అన్నారు. పేర్లు తీసేశాను. ఆ పన్నెండు మంది సంగతి వదిలేశారు.

పొద్దుటి_టీ
ఫోటోలు? ఫోటోల లింకులు మాత్రమే దాచుకుంటే చాలదు. నేను మా పెళ్ళి పేజీకి లింకులు దాచా, కొన్ని వారాలకే తెరుచుకోలేదు. లింకుకి గడువు ఉంటుందని తర్వాత తెలిసింది. బొమ్మలే దించుకుని, టేబుల్లో ఫైలు పేరు రాసుకోండి. (ఈసారి ఎక్స్‌టెన్షన్ కాదు, నిజంగానే చెప్తున్నా)

పాతబస్తా
దించాను. 2017 నుంచి రెండేళ్ళు ఆయన మాటని బొమ్మ మీద రాసి పెట్టారు, పోస్టులో "చెప్పండి చూద్దాం" అని తప్ప ఏమీ లేదు. వాటికి బొమ్మలోంచి అక్షరాలు చదివే టెసరాక్ట్‌లో తెలుగు పెట్టి నడిపాను. పెద్ద అక్షరాలు బాగానే చదివింది. వత్తులు వచ్చిన చోట నేనే కూర్చుని దిద్దాలి.

ఇప్పుడు వెతుకులాట. పూర్తి టెక్స్టు సెర్చ్ అని ఎస్‌క్యూలైట్‌లో ఉందిగా, పెట్టాను. 'పొరక' అని కొడితే సంబంధం లేనివి వస్తున్నాయి.

ఒంటికన్ను_కర్సర్
దాని మామూలు పద్ధతి గుణింతం గుర్తులని అక్షరాలుగా లెక్కపెట్టదు, అక్కడ మాటని విరగ్గొడుతుంది. 'పొరక' దానికి 'ప' ఒక మాట, 'రక' ఒక మాట. ట్రైగ్రామ్ పద్ధతి పెట్టుకోండి, మూడేసి అక్షరాల ముక్కలుగా చూస్తుంది.

గుడివాడ_డిబిఎ
అరవై వేలకి అదీ అక్కర్లేదు. 'లైక్' (రాతలో ఎక్కడున్నా ఆ ముక్కని పట్టే డేటాబేస్ ఆదేశం) పెట్టి వెతుకు. కన్ను మూసి తెరిచేలోగా వస్తుంది.

సీమ_మిరప
పదేళ్ళు ఫేస్‌బుక్‌లో లైకులు కొట్టించుకుని చివరికి డేటాబేస్‌లో కూడా లైకే కొట్టాలా

నల్లబల్ల
లైక్ పెట్టేముందు పాఠాన్ని ఒకసారి శుభ్రం చెయ్యండి. అసలు కామెంటు ముట్టుకోవద్దు, పక్కన ఇంకో కాలమ్‌లో శుభ్రం చేసిన కాపీ. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వం కింద ఇంకో ముక్క తగిలించి ఒకటి. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి వేరు. ఎన్‌ఎఫ్‌సీ అని (యూనికోడ్ రాతని ఒకే రూపంలోకి తెచ్చే పద్ధతి) మార్చితే ఒకటవుతాయి. పొల్లు తర్వాత వత్తు పడకుండా ఆపే కనబడని అక్షరం ఒకటుంటుంది, కొన్ని కీబోర్డులు అదే వేస్తాయి. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తియ్యదు, మీరే తియ్యాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినవాళ్ళ సంగతికి మందు లేదు.

పాతబస్తా
దొరికింది. 2016 ఆగస్టు. "మా మదనపల్లె కాడ పొరక అంటాం సార్" అని. నాన్నగారు ఫోన్లో కాకుండా పెన్నుతో నోటు పుస్తకంలో రాసుకున్నారు. పదిహేను నిమిషాలు అయ్యాక అడిగారు: "ఒరే, ఈ చీపురుకి ఏ జిల్లావాళ్ళు ఇంకా ఏం చెప్పలేదో వస్తుందా?"

గుడివాడ_డిబిఎ
తూర్పుగాలీ, విన్నావా?

తూర్పుగాలి
విన్నాను విన్నాను.

గుడివాడ_డిబిఎ
ఊళ్ళ టేబుల్ విడిగా పెట్టమన్నది అందుకే. దాంట్లో ఊరికి ఎదురుగా జిల్లా కాలమ్ కలుపు. ఊళ్ళ టేబుల్ ఎడమ, చీపురు మాటల వరసలు కుడి, లెఫ్ట్ జాయిన్ (ఎడమవైపువన్నీ ఉంచి, కుడివైపు దొరికినవి కలిపేది) వేసి జిల్లాల వారీగా లెక్కపెట్టు. లెక్క సున్నా వచ్చిన జిల్లాలే ఆయన అడిగినవి. అసలు ఎవరూ రాయని జిల్లా కూడా రావాలంటే జిల్లాలన్నీ ముందే ఎక్కించి ఉంచాలి.

పాతబస్తా
వేశాను. ఫలితం చూసి మా నాన్నగారు నవ్వుతున్నారు. విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, విశాపట్నం... నాలుగు ఊళ్ళుగా ఉన్నాయి. బెజవాడ, విజయవాడ వేరువేరు. 'మా ఊరు' అనే ఊరు నుంచి మూడు వందల మాటలు వచ్చాయి. దీనికేమైనా ఒక లైను మందు ఉందా?

ఒంటికన్ను_కర్సర్
లేదు.

గుడివాడ_డిబిఎ
లేదు. మారుపేర్ల టేబుల్ ఒకటి పెట్టి చేత్తో నింపాలి. మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకో, ఆయనకి ఇష్టమైన పనే.

సీమ_మిరప
'మా ఊరు' ఏ జిల్లా కిందకి వస్తుందో తేలాక ఇక్కడ కూడా రాయండి, నాదీ అదే ఊరు